ముప్పై సెకన్లు కదలకుండా

బావ కెమెరా తీసుకుని ఈ చెరువుకు వచ్చి నాలుగు రోజులైంది. తిరిగి ఇంటికి రాలేదు. ఒడ్డున కెమెరా, దాని స్టాండు మాత్రం దొరికాయి.

అవే పట్టుకుని ఈ రాత్రి నేను వచ్చాను. చీకట్లో ఫొటో తీయడం బావ నాకు ఒక్కసారే నేర్పాడు. "ముప్పై సెకన్లు కెమెరా కన్ను తెరిచే ఉంచాలిరా బామ్మర్దీ. ఆలోగా నడిచిపోయేవాడు ఫొటోలో పడడు. రాయిలా నిలబడ్డవాడే పడతాడు. నీలాంటి కుదురులేనోడు జన్మలో పడడు" అని నవ్వాడు.

మొదటి ఫొటోలో నీళ్లు మీగడ కట్టినట్టున్నాయి. ఒడ్డున బండ పక్కన బావ నిలబడి ఉన్నాడు. తలెత్తి చూశాను. అక్కడ ఎవరూ లేరు.

అక్కకు ఫోన్ చేసి చెప్పాను.

"ఉన్నాడా? అయితే వెళ్లి పట్టుకోరా, నీకు దణ్ణం పెడతా" అని ఏడ్చింది. ఫోన్ పెట్టేయలేదు.

పది సెకన్లు ఆగి తీసేలా కెమెరాను పెట్టాను. "బావా, కదలకు" అని బతిమాలుతూ పరిగెత్తి ఆ బండ పక్కన నిలబడ్డాను. ఊపిరి బిగబట్టాను. కప్పలు అరవడం మానేశాయి. అంత దూరాన కెమెరా టక్కుమనడం చెవి పక్కనే వినిపించింది.

తిరిగొచ్చి చూశాను. బావ అక్కడే ఉన్నాడు, వెంట్రుకైనా చెదరకుండా. ఎవరి భుజమ్మీదో వేసినట్టు చెయ్యి చాపి ఉన్నాడు. ఆ చేతి కింద నేను లేను.

నేనే కదిలి ఉంటాను. అంతే అయ్యుంటుంది.

"అక్కా, ఇంకోసారి తీస్తాను" అన్నాను.

"మాట్లాడవేంరా?" అంటోంది అక్క. "తమ్ముడూ, ఉన్నావా?"