ఐదు, ఆరు ఎముకల మధ్య

క్రేన్ ఆపరేటర్ కిందికి చూసి నాలుగు నెలలైంది. ఈ సంగతి ఆ క్రేన్ కింద తిరిగే అరవై మందిలో ఒక్కరికీ తెలియదు.

పదకొండేళ్లుగా అతని పని కిందికి చూడటమే. నలభై అయిదు మీటర్ల ఎత్తున అద్దాల గది. అందులో ఒక సీటు. పొద్దున ఎక్కితే దిగేదాకా గడ్డం గుండెకు ఆనించి, కాళ్ల మధ్య ఉన్న అద్దంలోంచి కొక్కేన్ని చూస్తూ ఉండాలి. ఆ మెడే ఇప్పుడు మొరాయించింది. అంగుళం వంచితే చాలు, భుజం నుంచి బొటనవేలి దాకా కరెంటు కొట్టినట్టవుతుంది. వేళ్లు క్రేన్ నడిపే కడ్డీని పట్టుకున్నాయో వదిలేశాయో తెలియదు.

డాక్టరమ్మ మెడ స్కానింగ్ ఫిల్మును వెలుతురుకు పెట్టి చూపించింది.

"మెడ ఎముకల మధ్య మెత్తల్లాంటి డిస్కులుంటాయి. వయసుతో అవి ఎండి పలచబడతాయి. అందరికీ జరిగేదే, చాలామందికి నొప్పి కూడా ఉండదు. మీకు ఐదు, ఆరు ఎముకల మధ్య అరిగి, చేతికి వెళ్లే నరం ఒత్తుకుంటోంది."

"కోస్తారా?"

"అప్పుడే కోతల దాకా ఎందుకు? ఎక్కువమందికి ఆపరేషన్ లేకుండానే తగ్గుతుంది. మందులు వాడండి, నేర్పిన వ్యాయామం రోజూ చేయండి. తల వంచి గంటలు గంటలు కూర్చోకండి. చేతిలోంచి వస్తువులు జారినా, నడుస్తుంటే కాళ్లు తూలినా ఆ రోజే రావాలి. ఇంతకీ ఏం పని చేస్తారు?"

"ఆఫీసులో," అన్నాడు.

నిజం చెబితే క్రేన్ దిగమంటుంది. దిగితే ఆ సీటు కోసం ఇద్దరు కాచుకుని ఉన్నారు. అతనికి వేరే పని రాదు.

అతని ధైర్యమల్లా బావే. అక్క మొగుడు. తొమ్మిదేళ్లుగా అదే క్రేన్ కింద సిగ్నల్ ఇస్తాడు. ఎత్తు, కుడికి, నెమ్మది, దించు. వాకీటాకీలో ఆ గొంతు వినబడితే చాలు. ఆపరేటర్ కళ్లు మీటర్ల మీద, చెవులు బావ మీద పెట్టి నాలుగు నెలలు నెట్టుకొచ్చాడు. ఒక్క బరువూ గోడకు తగల్లేదు.

"బావాబామ్మర్దులకు నాలుగు కాదయ్యా, నలభై కళ్లు," అన్నాడు ఇంజనీరు.

నిచ్చెన మొదట్లో ఒక బోర్డుంది. ఆపరేటర్, సిగ్నల్ ఇచ్చేవాడు, ఇద్దరిలో ఎవరికి బరువు కనబడకపోయినా పని ఆపాలని దాని మీద రాశారు. ఆపరేటర్ రోజూ దాని పక్కనుంచే ఎక్కుతాడు.

మెడ నొప్పిగా ఉందని మాత్రం బావతో అన్నాడు, అంతకు మించి అనలేదు.

"గోరువెచ్చటి నీళ్ల సంచి పెట్టుకోరా. రెండు దిళ్లేసుకోకు, పలచటిది ఒక్కటి చాలు. గడ్డం లోపలికి లాక్కుని ఐదు లెక్కపెట్టు. ఇలా పదిసార్లు."

"డాక్టరీ ఎప్పుడు చదివావు బావా?"

"మీ అక్కను కట్టుకున్నాక చదవనిదేముందిరా? ఆవిడ ముందు తలెత్తిన పాపాన పోయానా?" అని బావ సీసాలో స్ట్రా వేసుకుని నీళ్లు పీల్చాడు.

ఆ రోజు లారీ ఆలస్యంగా వచ్చింది. రెండు టన్నుల ఇనుప చువ్వల కట్ట. లారీ మీంచి లేపి, రేకుల షెడ్డుకు పక్కగా తిప్పి, అవతలి గుంటలో దించాలి. షెడ్డులో పాతికమంది భోజనాలకు కూర్చున్నారు.

"ఎత్తు," అన్నాడు బావ. "ఎత్తు. చాలు. కుడికి తిప్పు. షెడ్డుకు ఎడంగానే పోతోంది. అలాగే రానీ."

మబ్బు కమ్మింది. అద్దాల గదిలో వెలుతురు తగ్గింది. గాలి లేచింది.

"ఆపు!"

ఆపాడు. తర్వాతి మాట కోసం చూశాడు. రాలేదు.

"బావా, వినబడుతోందా?"

"వినబడుతోంది."

"కట్ట షెడ్డు దాటిందా?"

"నువ్వు చూసి చెప్పు."

"ఇప్పుడా నీ పరాచికాలు? ఊగుతోంది బావా. ఇక్కడ సీటుకు తెలుస్తోంది."

"పరాచికం కాదురా. చూసి చెప్పు."

ఆపరేటర్ రెండు చేతులతో సీటు పట్టుకుని మెడ వంచాడు. భుజంలో నిప్పు పడింది. కుడిచెయ్యి చచ్చుబడింది. తన మోకాళ్లు కనిపించాయి. అంతకు మించి మెడ వంగలేదు. క్రేన్ ఇంకోసారి ఊగింది. షెడ్డులో ఎవరో నవ్వడం వాకీటాకీలో వినిపించింది. గిన్నెల చప్పుడు వినిపించింది.

ఇక దాచి లాభం లేదనుకున్నాడు.

"బావా, నా మెడ వంగదు. నాలుగు నెలలుగా నేను కిందికి చూడట్లేదు. నీ గొంతు నమ్ముకునే ఇంత బరువూ తిప్పుతున్నాను. ఉద్యోగం పోతే పోనీ, రేపే దిగిపోతాను. కింద మనుషులున్నారు. కట్ట ఎవరి మీదుందో చెప్పు బావా!"



"నేనేం చెప్పనురా, ఏడాదిగా నా మెడ పైకి లేవట్లేదు, ఇన్నాళ్లూ నేల మీద కట్ట నీడ చూసే చెబుతున్నాను," అన్నాడు బావ.