గుంతలో గెల

"రోలరు ఎక్కించాలంటే ముందు నా మీద ఎక్కించండి!" అంటూ కురియాకోస్ ముండు పంచె పైకి ఎగ్గట్టి, నడిరోడ్డు మీద గుంత పక్కనే బైఠాయించాడు.

ఆ గుంతలో నిలువెత్తు నేంద్రం అరటిచెట్టు. దానికి నేలను తాకబోతున్న గెల. చెట్టు మెడలో ఒక అట్టముక్క, దాని మీద "కౌన్సిలర్ తంకమణి గారి తోట" అని ఎర్ర అక్షరాలు. ఆ అట్ట రాసిందీ, పిలక నాటిందీ, పేపరువాణ్ణి పిలిపించి ఫోటో తీయించుకున్నదీ కురియాకోసే. పోయిన ఎన్నికల్లో తంకమణి చేతిలో ఓడిపోయినప్పటి నుంచి ఆయనకు టీకొట్టు నడపడం ఒక పని, ఆమెను తిట్టడం ఇంకో పని. ఆ రెండో పనికి ఉన్న పెట్టుబడల్లా ఈ గుంతే. వచ్చే ఎన్నికలకూ దీన్నే నమ్ముకుని ఉన్నాడు పాపం.

అలాంటిది మార్చి ఆఖరి రోజున పొద్దున్నే తారు లారీ వచ్చింది, రోలరు వచ్చింది, సాబు అనే ఇంజినీరు వచ్చాడు. అందరికంటే ముందు గొడుగు వేసుకుని తంకమణి వచ్చింది. సాయంత్రంలోగా తారు పడకపోతే రోడ్డుకు మంజూరైన సొమ్ము వెనక్కి పోతుంది. ఆ సంగతి తంకమణికి తెలుసు. కురియాకోస్‌కు ఇంకా బాగా తెలుసు. పొద్దు గూకేదాకా ఎలాగోలా లాగితే చాలు, గుంత బతికిపోతుంది.

"రోడ్డు రోడ్డని గొంతు చించుకున్నది నువ్వే కదా చేట్టా? ఇదిగో, తెచ్చాను. ఇక లే!" అంది తంకమణి, ఎంత పోట్లాడినా అన్న వరస వదలకుండా.

"రోడ్డు వద్దని నేనన్నానా? గెల పండనీ. కడుపుతో ఉన్నదాన్ని నరుకుతావా? నువ్వసలు ఆడదానివేనా?"

"అది పండేసరికి డబ్బు వెనక్కి పోతుంది."

"అది నీ చేతకానితనం. నన్నంటావేంటి?"

జనం పోగయ్యారు. ఆటోలు ఆగిపోయాయి. పండనివ్వాలని కొందరు, ఉప్పేరి చిప్సుకి పచ్చికాయే రుచి కాబట్టి ఇప్పుడే కొట్టాలని కొందరు, రోడ్డు మాట మరిచిపోయి వాదించుకోసాగారు. ఇంజినీరు సాబు చెమట తుడుచుకుంటూ, "మేడమ్, తారు చల్లారిపోతోంది" అని గొణిగాడు. కురియాకోస్ పైకి మొహం గంటు పెట్టుకున్నాడు గానీ లోపల పండగ చేసుకుంటున్నాడు.

తంకమణి గొడుగు ముడిచింది.

"సరే చేట్టా, నీ మాటే కానీ. అందరి ముందూ ఒక్కటి చెప్పు. ఈ చెట్టు నీదేనా?"

"నాది కాక ఇంకెవరిది? ఈ చేతుల్తో నాటాను. గంజీ కడుగునీళ్లూ పోసి సాకాను. నా పిల్లల్ని కూడా ఇంత గారంగా పెంచలేదు!"

"ఆ మాట మాత్రం నిజం!" అని టీకొట్టులోంచి ఆయన భార్య లిల్లి కేకేసింది. జనం గొల్లుమన్నారు.

తంకమణి ఇంజినీరు వైపు తిరిగింది. "విన్నారుగా సాబు సార్! మునిసిపాలిటీ రోడ్డు మీద సొంతానికి అరటి వేసుకుంటే దాన్నేమంటారు?"

సాబు మొహం చాటంత అయింది. "ఆక్రమణ అంటారు మేడమ్! జరిమానా ఉంటుంది. నాటిన రోజు నుంచీ అద్దె కూడా కట్టాలి. ఎప్పుడు నాటారో తెలుసుకోవడం ఎంత పని? పేపర్లో ఫోటో ఉందిగా!"

కురియాకోస్ చటుక్కున చెట్టుకు దూరం జరిగాడు.

"మాతావే, తల్లీ! నేను... నేను ఫోటో కోసం పట్టుకున్నానంతే!"

"మరి నాటిందెవరు?"

"నాకేం తెలుసు? దానంతటదే మొలిచింది!"

"మెడలో ఆ అట్ట కూడా మొలిచిందేనా అచ్చాయా?" అని మొగుణ్ణి నిలదీసింది లిల్లి.

ఇక చెప్పేదేముంది! నవ్వీ నవ్వీ రోలరు డ్రైవరు కిందికి దిగి పొట్ట పట్టుకున్నాడు. కురియాకోస్ లేచి, ముండు దులుపుకుని, ఎవరి మొహమూ చూడకుండా కొట్లోకి నడిచాడు. ఎవరిదీ కాని చెట్టు గనక గెల అందరిదీ అయింది. లిల్లి పెద్ద మూకుడు పొయ్యి మీద పెట్టి కొబ్బరినూనె పోసింది. బయట తారు వాసన, లోపల ఉప్పేరి వాసన. పనివాళ్లు ఒక చేత్తో ఉప్పేరి నములుతూ ఇంకో చేత్తో కంకర సర్దారు. ఎండ దిగేసరికి రోడ్డంతా నల్లగా నిగనిగలాడింది. పిల్లలు సైకిళ్లేసుకుని ఒకటే తిరుగుడు.

కురియాకోస్ ఒక్కడే గల్లాపెట్టె దగ్గర దిగాలుగా కూర్చున్నాడు. రోడ్డును ఆ చివర నుంచి ఈ చివరి దాకా చూశాడు. ఎంత వెతికినా తిట్టడానికి ఒక్క వంక దొరకలేదు. ఇక ఏం చెప్పుకుని ఓట్లడగాలో తోచక ఆయనకు నిజంగానే ఏడుపొచ్చింది.

జనం చెదిరాక తంకమణి వచ్చి బల్ల మీద కూర్చుంది. "ఒక కట్టన్ చాయ ఇవ్వు చేట్టా."

పాలు లేని టీ గ్లాసు ఠక్కున ఆమె ముందు పెట్టాడు. "గెలిచావుగా! ఇంకా ఎందుకొచ్చావు? నాకేం మిగిల్చావని?"

తంకమణి అటూ ఇటూ చూసింది. సంచిలోంచి మట్టి అంటిన అరటిపిలక ఒకటి తీసి బల్ల మీద పెట్టి, గొంతు తగ్గించింది.

"ఆస్పత్రి సందులో ఇంతకంటే పెద్ద గుంత ఉంది చేట్టా. రేపే నాటెయ్యి, జరిమానా మాట నేను చూసుకుంటాను. పేపరువాణ్ణి మాత్రం మరిచిపోకు. ఇంకోమాట, ఈసారి నన్ను కాస్త గట్టిగా తిట్టు, డబ్బిచ్చే పైవాళ్లకు వినబడాలి. పోయినసారి నువ్వు మరీ మెత్తగా తిట్టబట్టే డబ్బు మంజూరయ్యేసరికి చెట్టు గెల వేసేసింది!"