ఒత్తులు లేని ఉత్తరాలు

“ఛీ!” అంటూ పెద్దన్న కాగితాన్ని బల్ల మీదికి విసిరాడు.

వంటింట్లోంచి అమ్మణి చేతులు తుడుచుకుంటూ వచ్చింది. “ఏమైందయ్యా? ఎవరు రాశారు?”

“ఎవరూ కాదు. మిల్లు నోటీసు. చెరకు క్రషింగ్ ఎప్పుడు మొదలవుతుందో వేశారు.”

అమ్మణి ఆ కాగితం వైపు కాసేపు చూసింది. “ఇంత చిన్న నోటీసా?” అని లోపలికి వెళ్ళిపోయింది.

భార్యకు చదువు రాదు కాబట్టి పెద్దన్న దాన్ని దాచనైనా లేదు. ఎవరో తలుపు కిందనుంచి తోసిన చింపిరి కాగితం అది. మీద పెన్సిలుతో తెలుగులో ఉంది: “పెదన. మంగలారం నీ పెళాం ఎకడికి పోతది.”

రారవాయి చక్కెర మిల్లులో ముప్పై ఏళ్ళు చెరకు బండ్లు తూచిన పెద్దన్న, ఈ దీవులకు స్వాతంత్ర్యం వచ్చిన ఏడే రిటైరయ్యాడు. ఈ నాలుగేళ్ళలో అతనికి రెండే పనులు. బా టౌన్లో పాత డిటెక్టివ్ నవలలు కొనుక్కొచ్చి చదవడం ఒకటి. పేపర్లో నేరాల వార్తలు చదివి అసహ్యించుకోవడం రెండోది.

“చూడు పోతయ్యా,” అనేవాడు ఆదివారం సాయంత్రాలు, ఆ స్నేహితుడి షెడ్డులో, వేళ్ళు నూరి నీళ్ళలో కలిపిన యంగోనా తాగుతూ. “ఎవడో చర్చి గంట ఎత్తుకుపోయి దాలో దుంపల చేన్లో పాతిపెట్టాడట. మర్నాడు తనే తవ్వి, మోగుతుందో లేదోనని కొట్టి చూశాడట! ఛీ, దొంగతనానికైనా కాస్త బుద్ధి ఉండొద్దూ? నవలల్లో దొంగలు ఎంత శుభ్రంగా పని చేస్తారు!”

పోతయ్య నవ్వి ఇంకో కొబ్బరిచిప్ప ముంచి ఇచ్చేవాడు.

పది రోజులకు రెండో కాగితం వచ్చింది. “నీ పెళాం సంచిలో ఏముంది.” ఆ తర్వాత మూడోది. “నీకు కళు ఉనాయా.”

పెద్దన్నకు అన్నం సయించలేదు. మంగళవారం మధ్యాహ్నాలు అమ్మణి గుడి ఊడవడానికి వెళుతుందనే ఇన్నాళ్ళూ అనుకున్నాడు. ఆమెనే అడిగితే పోయేది. కానీ డిటెక్టివులు అలా అడగరు. కాగితాలు మూడూ కిటికీ దగ్గర పరిచి, భూతద్దంతో చూశాడు.

దస్తూరీ దొరక్కుండా వెధవ ఎడమచేత్తో రాశాడు. ఒత్తులన్నీ కావాలనే ఎగ్గొట్టాడు. ఈ ఎత్తు అతను ఎన్ని నవలల్లో చూడలేదు! ఇక తెలుగు రాయగలిగినవాళ్ళు చుట్టుపక్కల ముగ్గురే. ఒకడు తను. రెండు, కళ్ళు కనబడని గుడి పూజారి. మూడు, గుళ్ళో రామాయణం చదివే పోతయ్య.

ఆ ఆదివారం షెడ్డులో అందరూ చూస్తుండగా కాగితాలు తీసి పోతయ్య ఒళ్ళో పడేశాడు. “నా తలుపు కింద పెంట తోస్తున్నది నువ్వేగా!”

“కా భయ్?” అని ఎవరో హిందీలో అడిగారు, ఏమైందంటూ.

పోతయ్య మూడూ చదివాడు. అతని పెదాలు కొంచెం కదిలాయి. “నేను రాయలేదు పెద్దన్నా.”

“మరెవడు?”

“అడక్కు. మాటిచ్చాను.”

“ఎవరికి?”

పోతయ్య తల దించుకున్నాడు. పెద్దన్న చేతిలో ఉన్న యంగోనా నేలమీద పారబోసి లేచాడు. నలభై ఏళ్ళ స్నేహం అక్కడితో సరి అనుకున్నాడు.

మంగళవారం మూడింటికి అమ్మణి సంచి పట్టుకుని బయల్దేరింది. పెద్దన్న చెరకు తోట అంచున, వంద గజాల వెనక నడిచాడు. ఆమె గుళ్ళోకి పోలేదు. వెనక ఉన్న చిన్న గది దగ్గర ఆగింది. లోపలినుంచి తలుపు తీసింది పోతయ్య. ఆమె లోపలికి వెళ్ళగానే తలుపు మూసుకుంది.

 పెద్దన్నకు పోతయ్య మీద, అమ్మణి మీద, దొంగలా తోట పక్కన నక్కిన తన మీద కూడా ఏవగింపు పుట్టింది. పరుగెత్తి వెళ్ళి తలుపు తన్నాడు.

లోపల చాప మీద ఆరుగురు ముసలమ్మలు. అందరి ఒళ్ళోనూ పలకలే. అమ్మణి వేలు పెట్టి కూడబలుక్కుంటోంది: “కో… డి. కోడి. మే… క. మేక.”

 పక్కింటి రంగమ్మ గబుక్కున పలకను కొంగు కింద దాచుకుంది.

“మగవాళ్ళకు తెలిస్తే నవ్వుతారని వీళ్ళ భయం,” అన్నాడు పోతయ్య మెల్లగా. “అందుకే ఎవరికీ చెప్పనని మాటిచ్చాను.”

పెద్దన్న అతని చేతులు పట్టుకున్నాడు.  పోతయ్యే అతని భుజం తట్టి, “పో, ఇంటికి తీసుకెళ్ళు,” అన్నాడు.

ఇద్దరూ చెరకు రైలు పట్టాల వెంట నడిచారు. పెద్దన్న అన్నాడు: “నాతో చెబితే నేనే నేర్పేవాణ్ణి కదే.”

“మూడుసార్లు చెప్పాను. మూడుసార్లూ నువ్వు పేజీ తిప్పుతూ ‘ఊఁ’ అన్నావు.”

 నాలుగడుగులు వేశాక పెద్దన్నకు పాత కోపం మళ్ళీ పొంగింది. “సరే, తప్పు నాదే. కానీ ఆ రాతలు రాసిన నీచుణ్ణి మాత్రం వదలను. బంగారంలాంటి మనిషి మీద అంత రోత మాటలా! ఆ రాసిన చేతులు కనబడితే చాలు, విరగ్గొడతాను!”

అమ్మణి ఆగి, తన రెండు చేతులూ చాపింది.