గోడమీది బొమ్మ మూగబోయిన రోజు

ఆ పొద్దున ఆకాశం మబ్బుపట్టింది గానీ చినుకు రాలలేదు. పార్లమెంటు సభ్యుడిగా ఓబులేసు పదవి ముగియడంతో, ఇరవయ్యేళ్లుగా ఇంటింటి గోడమీదా ఆయన బదులు ఆయన గొంతుతోనే మాట్లాడిన యంత్రపు బొమ్మలన్నీ మూగబోయాయి. కష్టాలన్నీ వాటికే చెప్పుకున్న జనం తనను ఎరుగుదురో లేదోనన్న బెంగతో, ఢిల్లీ వదిలొచ్చిన ఓబులేసు మొదటిసారి ఒక గడప ముందు నిలబడ్డాడు.

ముసలి సుంకమ్మ తేరిపార చూసింది.

"నువ్వేనా? బొమ్మలో ఇంత బక్కగా లేవే!"

"నేనేం చేసినానవ్వా? మీతో ఉండింది అదే గదా."

"కాలవ నీళ్ల కోసం ఢిల్లీలో కొట్లాడింది నువ్వు గాదా నాయనా? అది దినామూ 'తింటివా అవ్వా' అని అడిగేది. దానికి ఇంత పెడదామంటే తినే నోరు లేకపాయె. రా, కూకో."

సంగటి ముద్ద, పప్పు వడ్డించి, తానూ ఎదురుగా కూర్చుంది. ఇద్దరూ కలిసి తిన్నారు.