‘దురదగొండి’ మీద కేసు

“రాసిందెవరో చెప్పు, ఇంటికి పో. చెప్పకపోతే నీకు జైలు, పత్రికకు మూత. చట్టం అంతే,” అన్నాడు న్యాయమూర్తి స్టాబెల్.

బోనులో నిలబడ్డాడు ఆన్‌ఫిన్. తెలిస్తే చెప్పడా?

‘దురదగొండి’ పుట్టి ఏడాది కూడా కాలేదు. క్రిస్టియానియా నగరంలో పెద్దమనుషులకు దురద పుట్టించడమే దాని పని. రాతలు ఎంచేదీ, ప్రూఫులు దిద్దేదీ, కట్టలు మోసేదీ అంతా ఆన్‌ఫినే. తాగుడు మానమని ఊరూరా ఉపన్యాసాలిచ్చే మంత్రిగారి మీద ఎవరో పాట రాసి, పేరు పెట్టకుండా ఆఫీసు తలుపు కిందనుంచి తోసిపోయారు. ఆన్‌ఫిన్ పొట్ట పట్టుకుని నవ్వి, అచ్చేశాడు. మంత్రిగారికి మాత్రం నవ్వు రాలేదు.

ఆ జైల్లో రొట్టెముక్కా నీళ్లూ తప్ప మరేమీ పెట్టరు. నిరుడు అందులోకి నడిచివెళ్లిన ఓ సంపాదకుణ్ని నలుగురు మోసుకొచ్చారు. ఆ సంగతి జనంలో కూర్చున్న భార్య గున్‌వోర్‌కీ తెలుసు. ఆమెకు నెలలు నిండాయి.

“ఊరూపేరూ లేనివాడి పాటకి నువ్వు బలా? వాడెవడోగానీ హాయిగా కాఫీ తాగుతుంటాడు,” అంది పొద్దున బయల్దేరేటప్పుడు.

న్యాయమూర్తి ముందుకు వంగాడు. “పాట తెచ్చినవాణ్ని చూశావా?”

“లేదయ్యా.”

“చేతిరాత చూస్తే పోల్చుకోగలవా?”

“కాగితం ఉంటే కదయ్యా. అచ్చవగానే అన్నీ పొయ్యిలోకే.”

“భలే పని చేశావు,” అంటూ న్యాయమూర్తి కుర్చీలో వెనక్కి వాలాడు.

తీర్పుకు ముందు నేరమైన రాతను అందరికీ వినిపించాలి. గుమాస్తా పత్రిక తెరిచి గొణుగుతూ చదవడం మొదలుపెట్టాడు. నాలుగు ముక్కలు వినేసరికి న్యాయమూర్తి మొహం చిట్లించాడు.

“పాట చదువుతున్నావా, చేపల ధరలు చెబుతున్నావా? ఇలా తే.”

తనే అందుకున్నాడు. ఆగాల్సిన చోట ఆగాడు, విరవాల్సిన చోట విరిచాడు. జనం ముందు కిసుక్కుమన్నారు, తర్వాత పగలబడి నవ్వారు. తన మెడకు ఉరి బిగుస్తున్నా, పాటను ఇంత బాగా చదవొచ్చా అనిపించింది ఆన్‌ఫిన్‌కి. న్యాయమూర్తి గొంతు ఇంకాస్త పెంచి ముగించాడు.

“మంత్రిగారు పోయినాక గొయ్యి తవ్వొద్దురా,
సీసాలోన పెట్టి బిరడా బిగిస్తే చాలురా.”

కోర్టంతా గొల్లుమంది. ఆన్‌ఫిన్ ఒక్కడే నవ్వలేదు. బోను కమ్మీని రెండు చేతులా పట్టుకున్నాడు.

న్యాయమూర్తి బల్ల చరిచి, పత్రిక మడిచి పక్కన పెట్టాడు. “ఆఖరిసారి అడుగుతున్నాను. ఇది రాసిందెవరో నీకు తెలియదు. అంతేనా?”

“ఇందాకటిదాకా తెలియదయ్యా,” అన్నాడు ఆన్‌ఫిన్.

ఆ చివరి రెండు పాదాలూ పత్రికలో లేనే లేవు. చావు మాట మరీ మోటుగా ఉందని అచ్చుకు ముందే ఆన్‌ఫిన్ వాటిని కొట్టేశాడు.