ఊరికే కూర్చునే ఉద్యోగం

"అమ్మతోడు, నేను స్టీరింగ్ ముట్టుకోలేదక్కా!"

కారు కిటికీలోంచి చెయ్యి పెట్టి మస్తాన్ బీ కాలరు పట్టుకుంటే, డ్రైవర్ సీట్లో యలమంద గిలగిల్లాడుతున్నాడు. ఆమె గాజుల బండి బోర్లా పడి ఉంది. తెనాలి మార్కెట్ రోడ్డంతా గాజుపెంకులే. జనం అప్పటికే చొక్కా చేతులు మడుచుకుంటున్నారు. మన దగ్గర ముందు డ్రైవర్‌ని నాలుగు తన్నాలి, తప్పెవరిదో ఆనక తీరిగ్గా చూసుకోవచ్చు.

"ముట్టుకోనోడివి ఆ సీట్లో ఎందుకు కూర్చున్నావురా?"

"ఊరికే కూర్చోడానికే నాకు జీతం. కారు దానంతటదే పోద్ది. కావాలంటే ఈ సార్‌ని అడుగు!"

వెనక సీట్లోంచి శశిధర్ దిగాడు. ఆ కారుని తయారుచేసిన కంపెనీ ఇంజనీరు. "నేను ప్రోగ్రాం రాశానంతేనండి. తర్వాత రోడ్ల మీద మనవాళ్లని చూసి అదే నేర్చుకుంది. ఎప్పుడేం చేస్తుందో నాకేం తెలుసు?" అన్నాడు.

"అయితే నేనెవర్ని తిట్టాలి?" మస్తాన్ బీకి ఏడుపొచ్చింది. పాపం, రంజాన్‌కని తెచ్చిన సరుకంతా పోయింది. పైగా కడుపారా తిట్టుకోడానికి మనిషి కూడా దొరకడం లేదు.

ఈలోగా ట్రాఫిక్ ఎస్సై మోహనకృష్ణ వచ్చాడు. కేసు రాయాలంటే ఆయనకీ ఒక మనిషి కావాలి. ఆయన చూపు అటు తిరిగి, ఇటు తిరిగి యలమంద మీదే ఆగింది.

యలమంద గబగబా రెండు చేతులూ జోడించాడు. రేపల్లెలో స్కూలు బస్సు ఉద్యోగం ఖాయమైంది. ఇప్పుడు కేసు పడితే లైసెన్సూ, ఆ ఉద్యోగమూ రెండూ గోవిందా!

భయంలోనే బుర్ర పనిచేసింది. "సార్, ఈ కారు మాట్లాడుద్ది. దాన్నే అడగండి. అది మెషీను, మనలాగా అబద్ధాలాడదు!"

శశిధర్ మొహం మాడిపోయింది. జనం మడిచిన చొక్కా చేతులు దించుకున్నారు. మస్తాన్ బీ కాలరు వదిలేసింది. యలమంద హమ్మయ్య అనుకుని చొక్కా సర్దుకున్నాడు.

ఎస్సై కాస్త సిగ్గుపడుతూనే కిటికీ దగ్గరికి వంగాడు. "ఏమ్మా, గాజుల బండిని గుద్దిందెవరు?"

కారులో పచ్చలైటు వెలిగింది. లోపల్నుంచి ఆడగొంతు ఎంతో వినయంగా పలికింది.

"యలమంద బాబాయేనండి. నిదానంగా పోదామని నేను మొత్తుకుంటూనే ఉన్నాను."