ఏడో నంబరు డబ్బా

"మూడు గంటల నలభై నిమిషాలు!" తిప్పేష్ కాగితాన్ని మేజా మీద పరిచాడు. "నిన్న ఒక్కరోజే బండి ఊరికే నిలబడిన టైము ఇదమ్మా. ఇట్ల తోలితే తనకల్లు జనం నీళ్లు తాగినట్లే."

నారాయణమ్మ కళ్లద్దాలు సర్దుకుంది. వానలు మొహం చాటేసిన ఆ ఏడాది పల్లెలకు నీళ్లు తోలుతున్న పదకొండు ట్యాంకర్లకు ఆమె యజమాని. తిప్పేష్ ఆమె దగ్గర సూపర్‌వైజరు. మేజాకు అవతల తలవంచుకుని నిలబడినవాడు ఏడో నంబరు ట్యాంకరు డ్రైవరు ఈరప్ప. పద్నాలుగేళ్లుగా ఆమె బండే తోలుతున్నాడు. ఇక్కడ పని పోతే ఈ కరువులో అతనికి ఇంకో పని దొరకదు.

"నేను యాడా ఆగలేదమ్మా," అన్నాడు ఈరప్ప. "నీళ్లు పట్టుకునే కాడ, పోసే కాడ తప్ప."

"నాకు అబద్ధం చెప్పొచ్చప్పా. పదో తరగతి రెండుసార్లు తప్పినోన్ని, నమ్ముతా. డబ్బాకు చెప్పలేవు."

తిప్పేష్‌కు తన మీద తనకు భ్రమలేమీ లేవు. పొయ్యి మీద పాలు చూడమంటే పొంగబెట్టే మనిషి. సంతకు పోతే సంచీ అక్కడే మరిచి వస్తాడు. తనలాంటివాడికి బండ్లమీద కన్నేసి ఉంచే పని ఇచ్చారంటే తప్పు ఇచ్చినవాళ్లదేనని తనే అందరికీ చెప్పి నవ్విస్తుంటాడు. అందుకే బండ్లలో బిగించిన ఆ డబ్బాలంటే అతనికి అంత గురి. తన బుర్రతో పనిలేకుండా అవే చూసిపెడతాయి. ఏ బండి ఎక్కడుందో, ఎంతసేపు ఆగిందో ఆఫీసులో లెక్కలు రాసే చంద్రిక ముందున్న కంప్యూటరుకు అవే చెబుతాయి.

అవి మూడు వారాల కిందట, ఆయుధపూజ రోజు వచ్చాయి. ఏడాదిలో బండ్లన్నీ ఒకచోట దొరికేది ఆ ఒక్క పూటే కనుక బెంగళూరు మెకానిక్కును తిప్పేషే ఆ రోజుకు రప్పించాడు. బండ్లను కడిగి నంబర్ల వరసన నిలబెట్టారు. నడుమ ఖాళీ ఉన్నచోట తిప్పేష్ తన జీపునూ దూర్చాడు. చక్రాల కింద నిమ్మకాయలు, నంబరు ప్లేట్ల నిండా విభూతి, బంతిపూల దండలు. ఈరప్ప పండగపూట కూడా ఒక ట్రిప్పు నీళ్లు పోసి ఆలస్యంగా వచ్చి తిట్లు తిన్నాడు. "ఆ కొసనుంచి ఒకటీ రెండూ అని పెట్టుకుంటా రాప్పా," అని మెకానిక్కుకు చెప్పి తిప్పేష్ గుగ్గిళ్లు పంచేచోటికి పోయాడు.

"చదువు," అంది నారాయణమ్మ.

"పది ఇరవైకి క్రాసు కాడ ఉగ్గాని హోటలు. యాభై నిమిషాలు. తింటాండాడా, వండుతాండాడా?"

తలుపు దగ్గర గుమిగూడిన డ్రైవర్లు నవ్వారు. ఆ హోటల్లో బజ్జీ బాగుంటుందని తిప్పేష్‌కూ తెలుసు. తానూ రోజూ ఆగుతాడు, కానీ ఐదే ఐదు నిమిషాలు.

"ఒంటిగంటకు చింతతోపు. రెండు గంటలు. ఇది నిద్రేనమ్మా."

మధ్యాహ్నం కునుకు తీయడం తిప్పేష్‌కూ అలవాటే. అయితే కునుకు వేరు, నిద్ర వేరు.

"నాలుగింటికి నాగన్న అంగడి. యాభై నిమిషాలు. ఆడ అరుగు మీద పులిమేక ఆట ఆడతారు."

"నీకెట్ల తెలుసప్పా?"

"పోతా పోతా చూసినానమ్మా."

నారాయణమ్మ కాగితాన్ని తన వైపు లాక్కుంది. "నీళ్లు అందలేదని ఒక్క పల్లె నుంచి కూడా ఫోను రాలేదే?"

"అదేనమ్మా ఈయప్ప తెలివి!"

ఆమె ఈరప్ప వైపు తిరిగింది. "దావలో ఎవరికన్నా ముసిలోళ్లకు బిందెడు నీళ్లు పోస్తాండావా? అట్లయితే చెప్పు, నేనేమీ అనను."

"లేదమ్మా. చేయని పుణ్యం చేసినానని ఎట్ల చెప్పేది?"

ఇక చేసేదేమీ లేకపోయింది. గోడ మీద నోటీసు ఉంది. రోజుకు మూడు గంటలకు మించి బండి ఆపినవాడు మరుసటి రోజు నుంచి పనిలోకి రానక్కరలేదు, ఎవరైనా సరే. ఆ 'ఎవరైనా సరే' తిప్పేష్ పట్టుబట్టి రాయించిందే. నారాయణమ్మ కలం తీసింది. తిప్పేష్‌కు నిజంగానే బాధ కలిగింది. పల్లెలు తిరిగి చూసుకోవడానికి ఆమె జీపు ఇచ్చినప్పుడు, దాన్ని తోలడం తనకు నేర్పింది ఈరప్పే.

"సంతకం పెట్టు తల్లీ," అన్నాడు ఈరప్ప. "కాకపోతే ఆ డబ్బా నా బండిలో యాడుండాదో ఒక్కసారి చూపించమను. మూడు వారాలుగా దాని మొగమే చూడలేదు."

అందరూ ఏడో నంబరు ట్యాంకరు దగ్గరికి నడిచారు. తిప్పేష్ సీటు లేపి చూశాడు. స్టీరింగు కింద దూరాడు. పైకి లేస్తూ తల కొట్టుకున్నాడు. డబ్బా లేదు.

"చూసినారా! పీకి పారేసినాడు!"

"పీకేస్తే నిన్నటి లెక్క యాడనుంచి వచ్చిందప్పా?" అంది నారాయణమ్మ.

"అయితే దాచిపెట్టినాడమ్మా. నాకు దొరకదని ధీమా. దొరకదు కూడా, ఇంట్లో నా చెప్పులే నాకు దొరకవు."

ఆఫీసు కిటికీలోంచి చంద్రిక తల బయటపెట్టింది. "సార్, ఈడ్నుంచి దాన్ని మోగించొచ్చు. మెకానిక్కు చూపించిపోయినాడు. నొక్కేదా?"

"ఇంతసేపూ చెప్పకుండా ఏం చేస్తాండావమ్మా? నొక్కు!" ఈరప్ప మొహం ఎలా మారుతుందో చూడాలని తిప్పేష్ అతన్ని తన పక్కనే నిలబెట్టుకున్నాడు. అందర్నీ నోరు మూసుకోమని సైగచేసి ట్యాంకరు తలుపుకు చెవి ఆనించాడు.

చంద్రిక నొక్కింది.

తిప్పేష్ జీపు మోగింది.